తడబడు బండి

ఇంటిలో బిడ్డకు జ్వరము తగిలినపుడు తల్లి తొలుదొల్త మందు వెదకదు. జ్వరమెప్పుడు వచ్చినది, ప్రొద్దుట నున్నదా, సాయంకాలము హెచ్చుచున్నదా, దగ్గున్నదా, ఆకలి గలదా యని చూచును. వైద్యుడు వచ్చి యడుగు ప్రశ్నలలో సగమునకు ఆమెయొద్ద ముందే సమాధానములు సిద్ధముగ నుండును. కాని వాకిట నిలిచియుండు కారు విషయమున మనలో ననేకులము ఈ వివేకము నుపయోగింపము. బండి మొరాయించినచో షెడ్డునకు పంపుదుము. అచటివారు మార్చవలెనన్న వస్తువును మార్పింతుము. అడిగిన సొమ్ము నిత్తుము. జబ్బు కుదిరిన సంతోషము, కుదురకున్న మఱొకసారి పంపుదుము. యంత్రమునకును రోగలక్షణము లుండుననియు, వానిని కనిపెట్టుటకు కావలసినది కండబలము గాక శ్రద్ధయేననియు మాకు అనుభవపూర్వకముగ తెలిసినది. ఆ విషయము సోదరీమణులకు ఉపయోగపడునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా అత్తగారికి మూత్రపిండములు చెడి, వారమునకు మూడు దినములు ఏలూరులో డయాలసిస్ చేయింపవలసియున్నది. మా పల్లెనుండి ఆస్పత్రి 28 కిలోమీటర్ల దూరము. ఇంటి మగవారు తెల్లవాఱగనే పనులపై పోవుదురు గావున, ఆమెను కొనిపోవు భారము తోడికోడండ్రమైన మా యిద్దఱిది. ఒకరము బండి నడుపుదుము; ఒకరము ఆమె ప్రక్కన గూర్చుందుము. బండి నాలుగు సిలిండర్ల చిన్న పెట్రోలు కారు. దానిని మేము ఒకరియొద్ద పాతదిగా కొన్నాము. అప్పటికే అది 62,000 కిలోమీటర్లు తిరిగియుండెను.

మా యూరి బాట పోయి పోయి చెన్నై-కలకత్తా జాతీయ రహదారిలో కలియును. అచట చిన్న యెత్తు గలదు. మూడవ గేరులో నుండి యాక్సిలరేటరు త్రొక్కి, వేగము నందుకొని, వచ్చు బండ్ల వరుసలో దూరవలెను. 2024 వర్షాకాలమున మా కారు సరిగా నాచోటనే తడబడ నారంభించెను. పాదము నొక్కగనే ముందుకు పోవుటకు మాఱుగా రెండు సెకనులు ఊపిరి బిగబట్టినట్లు నిలిచి, రెండు కుదుపులు కుదిపి, అటుపిమ్మట నొక్కసారిగా దుముకును. రెండు సెకనులే గదా యనిపించును. కాని గంటకు 80 కిలోమీటర్ల వేగమున వచ్చు లారీ ఒక్క సెకనులో 22 మీటర్లు వచ్చును. రెండు సెకనులలో 44 మీటర్లు. ఒకనాడు వెనుకనుండి లారీ యొకటి హారను మ్రోగించుచు మా ప్రక్కగా రాచుకొన్నట్లే పోయినది. “జబ్బుతో పోవుదుననుకొంటిని గాని, అమ్మలారా, ఈ బండితోనే పోవునట్లున్నాను,” అని అత్తగారు నవ్విరి. మాకు నవ్వు రాలేదు.

పట్టణములోని యొక షెడ్డునకు బండిని కొనిపోయితిమి. మామగారు మాతో వచ్చిరి. ఆయన జన్మలో స్టీరింగు పట్టినవారు కారు. అయినను ఆ మెకానిక్కు బండిని పది నిమిషములు త్రిప్పి తెచ్చి, నడుపు మమ్ములను విడిచి, ఆయనవైపు తిరిగి, “పికప్ లేదు సార్. పెట్రోలు పంపు పోయినది, క్లచ్చి ప్లేట్లు అరిగినవి. రెండును మార్చవలెను. 23,500 రూపాయలగును,” అని చెప్పెను. పంపు చెడినదని ఏ పరీక్షవలన తెలిసినదని మేమడిగితిమి. “అనుభవము మేడమ్,” అనెను. అనుభవము గొప్పదే. కాని పరీక్షింపని అనుభవము ఊహ యగును గాని నిర్ణయము కానేరదు. ఆ సొమ్ము రెండు నెలల మందుల ఖర్చు. ఆ దినమున బండిని మరలించుకొని వచ్చి, అది బాగుపడువఱకు రహదారిలో కలియుచోట ఎంత సేపైనను నిలిచి, బాట పూర్తిగ ఖాళీ యైన తరువాతనే కదలవలెనని నియమము పెట్టుకొంటిమి.

అటుపిమ్మట ఇంటి పద్దుల పుస్తకములో చివరి పుట దీసి గళ్లు గీసితిమి. బండి తడబడిన ప్రతిసారియు ఏ గేరు, ఎంత వేగము, బయలుదేఱి ఎంతసేపైనది, ఎత్తా పల్లమా, పాదము మెల్లగ నొక్కితిమా గట్టిగ నొక్కితిమా యని వ్రాయ మొదలిడితిమి. నడుపుచు వ్రాయరాదు గనుక, వెనుక గూర్చున్నవారిది ఆ పని. రెండు వారములలో ఆఱు ప్రయాణముల లెక్క వచ్చినది. చూడగా మూడు సంగతులు స్పష్టపడెను. ఇంటినుండి బయలుదేఱిన మొదటి పావుగంటలో ఒక్కసారియు తడబాటు లేదు. నిలిచి మ్రోగుచున్నపుడు లేదు. యంత్రము బాగుగ వేడెక్కిన పిదప, పెద్ద గేరులో, గట్టిగ నొక్కినపుడే కలదు.

ఈ మూడు సంగతులకు అర్థము తెలియవలెనన్న యంత్రము కడుపులో ఏమి జరుగుచున్నదో కొంచె మెఱుగవలెను. అది మన పొయ్యి కంటె చిత్రమైనది కాదు. మంటకు కట్టె కావలెను, గాలి కావలెను, నిప్పు కావలెను. కారునకు పెట్రోలు కట్టె. ప్లగ్గునుండి వెడలు మెఱపు నిప్పు. శుద్ధమైన పెట్రోలు ఒక గ్రాము పూర్తిగ మండుటకు సుమారు 14.7 గ్రాముల గాలి వలయును. మనము యాక్సిలరేటరు నొక్కినపుడు నిజమునకు తెఱచునది గాలి తలుపును. గాలి యొక్కసారిగా లోనికి దుముకును. ఎంత గాలి వచ్చినదో కనిపెట్టి, దానికి తగినంత పెట్రోలును తత్‌క్షణమే చిమ్మించుట నేటి కార్లలో కంప్యూటరు పని. పెట్రోలు వెనుకబడినను, గాలి లెక్క తప్పినను, మెఱుపు బలహీనమైనను ఆ క్షణమున మంట సరిగ నంటుకొనదు. బండి తడబడును. కావున తడబాటు ఒక్కటే, కారణము లనేకములు. ఏదో యొక వస్తువును మార్చినంత మాత్రమున కుదురునని చెప్పరాకుండుట కిదియే హేతువు.

మేము ఖర్చు లేని పరీక్షలు ముందు, ఖర్చుగలవి పిదపగా వరుస నేర్పఱచుకొంటిమి.

మొదటిది క్లచ్చి. క్లచ్చి జాఱుచున్నచో పాదము నొక్కగనే ఇంజను చప్పుడు హెచ్చును, దాని వేగము చూపు ముల్లు పైకి లేచును. బండి మాత్రము ముందుకు సాగదు. మా బండిలో ముల్లు కూడ లేవక, బండితోపాటే తడబడుచుండెను. అనగా చక్రములకు శక్తి నందించుటలో లోపము లేదు, శక్తి పుట్టుటలోనే లోపము. ముల్లును చూచినంతనే క్లచ్చిపై నేరము కొట్టివేయబడెను. దీనికి ఒక్క పైసయు ఖర్చు కాలేదు.

రెండవది గాలి. గాలి వడపోత పెట్టెను తెఱచి చూచితిమి. ధాన్యపు లారీలు తిరుగు బాటలు గావున దుమ్ము పట్టియుండెను. క్రొత్తది వేసితిమి; బండి తీరు మాఱలేదు. వడపోత తరువాత ఎచటనైన రబ్బరు గొట్టము చీలినచో లెక్కలోనికి రాని గాలి లోన దూరును. అప్పుడు నిలిచి మ్రోగుచున్నపుడే బుస్సుమను చప్పుడు వినబడును, ఇంజను నిలకడగ నుండదు. మా పద్దులో నిలిచియున్నపుడు తడబాటే లేదు. గొట్టములను చేతితో తడిమి చూడగా పగులేమియు కనబడలేదు.

మూడవది పెట్రోలు. ఇప్పుడు మన దేశమున అమ్ము పెట్రోలులో 2025 నాటికి 20 శాతము ఇథనాలు కలిసినది. ఇథనాలు నీటిని పీల్చుకొను గుణము గలది. ట్యాంకులో నీరు చేరినచో అది పెట్రోలును విడిచి నీటితో గూడి అడుగున దిగును; పంపు అడుగుననే పీల్చును. వానకాలము గావున ఈ యనుమానమును విడువలేదు. వేఱు బంకున రెండుసార్లు పోయించితిమి. మార్పు లేదు.

నాలుగవ పరీక్షకు ఒక చిన్న పరికరము వలసివచ్చెను. ఇటీవలి కార్లన్నిటిలో స్టీరింగు క్రింద నొక సాకెట్టుండును. దానిలో గ్రుచ్చి, సెల్‌ఫోనుతో జతపఱచినచో కారులోని కంప్యూటరు తాను గమనించిన దోషములను చెప్పును. ఆ పరికరము వెయ్యి రూపాయల లోపున దొరకును. మా బండి చెప్పినది పి-0302. ఈ గుఱుతులో చివరి అంకె సిలిండరును సూచించును. అనగా రెండవ సిలిండరులో మంట తప్పుచున్నది. మెకానిక్కులు ‘మిస్సు కొట్టుచున్నది’ అందురే, అదియే. నాలుగింటిలోను అస్తవ్యస్తముగ తప్పినచో పి-0300 అని వచ్చును.

అంతకంటె విలువైన మాట మఱొకటి ఆ పరికరమే చెప్పెను. పెట్రోలు చాలకున్నచో కంప్యూటరు తనంతట తానే కొంత హెచ్చుగ పోయించును. ఆ సవరింపు శాతములలో కనబడును. సున్నకు అటు నిటు పది శాతము లోపల నున్నచో సాధారణముగ భయము లేదు. పంపు నీరసించినచో, లేక పెట్రోలు వడపోత మూసికొనినచో, ఎత్తెక్కునపుడు ఆ యంకె పైపైకి పోవును. గాలి దొంగతనముగ దూరుచున్నచో నిలిచియున్నపుడే యంకె పెద్దదిగా నుండి, వేగము హెచ్చుకొలది తగ్గును. మా బండిలో రెండును కాక, నిలిచియున్నను ఎక్కుచున్నను మూడు నాలుగు శాతములలోనే నిలిచెను. కావున పెట్రోలు కొఱత లేదు. మార్చుమన్న పంపు నిర్దోషి.

ఇక మిగిలినది నిప్పు. వేడిలోను, బరువులోను మాత్రమే నిప్పేల తప్పవలెను? యంత్రము నిమిషమునకు 3,000 సార్లు తిరుగునపుడు ఒక్కొక్క ప్లగ్గు సెకనునకు 25 సార్లు మెఱయవలెను. పాదము నొక్కినపుడు సిలిండరులో గాలి, పెట్రోలు మఱింత దట్టముగ క్రిక్కిఱియును. తిరునాళ్ల గుంపులో దారి చేసికొనుట యెంత కష్టమో, ఆ దట్టములో మెఱపు ప్లగ్గు సందును దాటుట యంత కష్టము. అందులకు హెచ్చు విద్యుద్బలము కావలెను. దానిని పుట్టించునది కాయిలు. కాయిలు లోపలి కప్పు బలహీనపడినచో చల్లగ నున్నపుడు నెట్టుకొనివచ్చును. వేడెక్కగనే విద్యుత్తు ప్రక్కదారి పట్టును. మా పద్దులోని మూడు సంగతులును దీనికి సరిపోయెను.

అయినను సరిపోయినంత మాత్రమున ఋజువు కాదు. పేటలో చిన్న షెడ్డు గల యొక వృద్ధ మేస్త్రి యొద్దకు పోయి మా పుట చూపితిమి. ఆయన రెండుసార్లు చదివి, “చల్లగ నున్నపుడు ఒక్కసారియు లేదా తల్లీ?” అని మాత్ర మడిగెను. లేదంటిమి. “అయిన పంపు జోలికి పోవద్దు,” అని, ఇంజను చల్లాఱనిచ్చి, రెండవ సిలిండరుపై నున్న కాయిలును మూడవదానిపైకిని, మూడవదానిని రెండవదానిపైకిని మార్చెను. పాత గుఱుతును చెఱిపి, బండిని ఇరువది నిమిషములు వేడెక్కువఱకు నడిపితిమి. తడబాటు మరల వచ్చెను. పరికరము ఈసారి పి-0303 అని పలికెను. దోషము కాయిలుతో గూడ కదలి మూడవ యింటికి పోయినది. ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? ఈ పరీక్షకు క్రొత్త వస్తు వొక్కటియు కొననక్కఱ లేకపోయెను.

మేస్త్రి అంతటితో విడువలేదు. ప్లగ్గులను విప్పి వెలుతురున చూపెను. వాని కొనలు అరిగి గుండ్రబడియుండెను. బండి పుస్తకములో సందు 1 మిల్లీమీటరని యుండగా, కొలత బిళ్లతో చూచిన 1.4 వచ్చెను. అవి బండితో వచ్చిన మొదటి ప్లగ్గులేనని ఆయన అభిప్రాయము. సందు పెరిగినకొలది కాయిలు ప్రతి మెఱపునకు హెచ్చుగ శ్రమపడవలెను. ఆ శ్రమచేతనే అది చెడెను. కాయిలు మాత్రము మార్చి పాత ప్లగ్గులను విడిచినచో క్రొత్త కాయిలునకును అదే గతి పట్టును. దోషమునకు కారణము కనుగొనుట యొక మెట్టు. ఆ కారణమునకు కారణము కనుగొనుట దానిపై మెట్టు. వైద్యము నిలుచునది రెండవ మెట్టుననే.

ఖర్చు పద్దులో నిట్లు వ్రాసికొంటిమి: కాయిలు 2,100 రూపాయలు, ప్లగ్గులు నాలుగు, ఒక్కొక్కటి 180 చొప్పున 720, కూలి 400, వెరసి 3,220. తరువాతి ఆఱు ప్రయాణములలో మా పుటలోని గళ్లు ఖాళీగనే యుండెను. రహదారిలో కలియుచోట ముందుసీటు వెనుకభాగమును రెండు చేతుల పట్టుకొను అత్తగారు, మూడవ ప్రయాణమున కునుకు తీసిరి.

అందఱి బండికిని కాయిలే చెడునని మా యభిప్రాయము కాదు. మీ బండి పద్దు వేఱుగ నుండవచ్చును. పాదము నట్లే నొక్కియుంచినను పెద్ద వేగమున శక్తి క్రమముగ క్షీణించుచున్నచో పెట్రోలు వడపోతను, పంపును అనుమానింపవలెను. పంపు వత్తిడిని కొలతతో చూడుమని చెప్పవలెను. యంత్రము నిలిచి మ్రోగునపుడే వణకి, కదలినపిదప కుదుటబడినచో గాలి గొట్టములను చూడవలెను. పాదము మోపిన తొలిక్షణమున మాత్రము తొట్రుపడి తరువాత సుఖముగ సాగినచో గాలి తలుపున పేరుకొన్న మసిని గాని, గాలిని కొలుచు సున్నితపు తీగెపై దుమ్మును గాని శుభ్రపఱచిన చాలవచ్చును. ఆ తీగెను వ్రేలితో గాని గుడ్డతో గాని ముట్టరాదు. దానికని యమ్ము ద్రవమునే చల్లవలెను. ఎంత త్రొక్కినను ఊపిరాడనట్లు మొత్తుకొనుచు, బండి క్రింద వేడి విపరీతమైనచో పొగ గొట్టములోని శుద్ధియంత్రము మూసికొనిపోయి యుండవచ్చును.

ఈ శుద్ధియంత్రము మాట వచ్చినది గనుక ఒక హెచ్చరిక. మంట తప్పిన సిలిండరునుండి కాలని పెట్రోలు పొగ గొట్టములోనికి పోయి, అచట మండి, శుద్ధియంత్రమును కరగించును. దాని ధర కాయిలు ధరకు ఎన్నో రెట్లు. కావున “నడచుచునే యున్నది గదా” యని నెలల తరబడి తడబాటును భరించుట పొదుపు కాదు. ముందు పలకపై ఇంజను బొమ్మ దీపము నిలుకడగ వెలిగినచో త్వరలో చూపింపవలెను. అదే మిణుకు మిణుకుమని కొట్టుకొనినచో వెంటనే వేగము తగ్గించి, క్షేమమైన చోట నిలుపవలెను.

బానెట్టు తెఱచునపుడు పమిట కొంగు నడుమున దోపి, జడ ముడివేసికొని, గాజులు తీసి దగ్గఱకు పోవలెను. ఇంజను కట్టివేసినను చల్లబఱచు ఫ్యాను దానంతట నదే తిరుగవచ్చును. తలుపులు మూసిన గదిలో ఇంజను నడుపరాదు. దాని పొగలోని విషవాయువునకు వాసన లేదు. పెట్రోలు గొట్టములను విప్పుట మేస్త్రికే విడువవలెను.

ఈ విద్య స్త్రీలకు తగినది కాదను వారికి ఒక్క చరిత్ర చాలును. 1888 ఆగష్టు మాసమున జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను నామె, భర్తయైన కార్ల్ బెంజ్ నిర్మించిన మోటారు బండిలో, ఆయనకు చెప్పకయే, కుమారులు ఓయిగెన్, రిఖార్డులను వెంట గొని మాన్‌హైమునుండి ఫోర్ట్స్‌హైమునకు నూఱు కిలోమీటర్లకు మించిన దూరము పోయెను. మోటారు బండిపై అంత దూరపు ప్రయాణము లోకమున నదియే మొదటిది. నాడు పెట్రోలు బంకులు లేవు. వీస్లోఖ్ అను నూర మందుల దుకాణమున ఇంధనము కొనెను. దారిలో ఇంధనపు గొట్టము మూసికొనిపోగా టోపీ సూదితో పొడిచి తెఱచెను. నిప్పు పుట్టించు తీగెకు తొడుగు చెడగా తన మేజోడు పట్టీని చుట్టెను. ఒకటి పెట్రోలు దోషము, ఒకటి నిప్పు దోషము. రెంటిని వేఱువేఱుగ గుర్తించినది గనుకనే రెంటికి వేఱువేఱు మందు వేసినది.

సోదరీమణులకు మేము విన్నవించునది ఇంతే. షెడ్డునకు బండి పంపునపుడు నాలుగు ప్రశ్న లడుగుడు: ఏ భాగము చెడినది? అది చెడినదని ఏ పరీక్షవలన తెలిసినది? అది యేల చెడినది? తీసివేసిన పాత వస్తువును మాకు చూపుదురా? మంచి మేస్త్రికి ఈ ప్రశ్నలు కోపము తెప్పింపవు. ఆయన పని నవి తేలిక చేయును. మఱియు పద్దుల పుస్తకములో పాలకు, కూరలకు, చాకలికి పుటలున్నట్లే బండికి నొక పుట యుంచుడు. ప్లగ్గు లెప్పుడు మార్చితిరో, వడపోత యెప్పుడు మార్చితిరో, ఎన్నవ కిలోమీటరున ఏ చప్పుడు విన్నారో అందు వ్రాయుడు. బండి నోరులేనిది, దాని తరపున మాటాడవలసినది ప్రతిదినము దానితో నుండు మనమే.